బొప్పాయిలో పోతు చెట్టేదో, ద్విలింగ చెట్టేదో పువ్వు చూసి ఎలా గుర్తుపట్టాలి?

నాటడం పెద్ద పనేం కాదు. నీళ్లు నిలవని చోట గుంత తీసి, చివికిన పశువుల ఎరువు కలిపి, ఒక్కో గుంతలో 3 మొక్కలు జానెడు దూరంలో పెట్టండి. ఒకటే పెట్టొద్దు. ఒకటి పెట్టి నెలల తరబడి నీళ్లు పోసి, తీరా పూత వచ్చాక పోతు చెట్టని, అంటే మగదని తెలిసి బాధపడేవాళ్లని చూసి చూసి విసుగొచ్చింది నాకు.

మూడే ఎందుకంటే, ద్విలింగ చెట్టు (ఒకే పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉండేది) తన పుప్పొడితోనే కట్టిన కాయ గింజలైతే మూడింట రెండు వంతులు ద్విలింగ మొక్కలే వస్తాయి, మిగతావి ఆడవి, పోతు రాదు. గుంతకి 3 ఉంటే కనీసం ఒక్కటైనా ద్విలింగ మొక్క ఉండే అవకాశం 27లో 26. గింజ రంగు చూసి, వేరు చూసి చెప్పేస్తామనేవాళ్ల మాట నమ్మకండి, ల్యాబ్‌లో డీఎన్ఏ పరీక్ష చేయించకపోతే పువ్వొక్కటే సాక్ష్యం.

ఇక అసలు కష్టం ఇక్కడే, తొందరపడొద్దు. పోతు చెట్టు తేలిక, పొడుగు కాడలు వేలాడుతూ వాటికి సన్నటి పూలు గుత్తులుగా ఉంటాయి. ఆడ, ద్విలింగ పూల దగ్గరే అందరూ తప్పు చేస్తారు, ఎందుకంటే రెండూ పొట్టి కాడతో కాండానికి దగ్గరగానే పూస్తాయి. అందుకే పైనుంచి చూసి తేల్చేయకుండా ఒక పువ్వు కోసి రేకులు విప్పండి. అడుగున లావుగా ఉండి, రేకులు మొదలుదాకా విడివిడిగా వచ్చి, లోపల గుండ్రటి పిందె తప్ప పుప్పొడి తిత్తులేమీ లేకపోతే ఆడది. రేకులు కింద గొట్టంలా అతుక్కుని, లోపల సన్నగా పొడుగ్గా పిందె, దాని చుట్టూ పసుపు తిత్తులు ఉంటే ద్విలింగం.

ఒక్క పువ్వుతో తీర్పు చెప్పొద్దు. ఎండలు ముదిరితే ద్విలింగ చెట్టు కూడా పిందె లేని మగపూలు పూస్తుంది, అది చూసి పోతు అనుకుని మంచి చెట్టుని నరికేసినవాళ్లు ఎంతమందో! కాడ పొట్టిగా ఉంటే కత్తి పక్కన పెట్టండి. చలికేమో తిత్తులు పిందెకి అతుక్కుపోయి కాయ వంకరటింకరగా వస్తుంది, అదీ చెట్టు తప్పు కాదు. రెండు మూడు వారాలు, కనీసం 4 పూలు చూడాలి.

గుంతలోని ఆ మూడింట్లో ఉంచేది ద్విలింగ చెట్టే. ఆడ చెట్టు కాయ గుండ్రంగా, లోపల డొల్ల ఎక్కువగా ఉంటుంది, పైగా గింజ కట్టాలంటే పక్కన పుప్పొడి ఇచ్చే చెట్టు కావాలి. ద్విలింగ చెట్టు కాయకి కండ మందం, ఇంకో చెట్టుతో పనిలేదు. ఆడ, పోతు విడిగా వచ్చే రకాలైతే మాత్రం పోతులన్నీ తీసేయకండి, పది ఆడ చెట్లకి ఒకటి ఉంచండి.

తీసేసే మొక్కని పీకొద్దు, పక్కదాని వేర్లు కదిలిపోతాయి. నేల మట్టానికి కోసేయండి, పాలు చర్మానికి తగిలితే మండుతుంది కాబట్టి గ్లవుజులు వేసుకోండి, మోడు మళ్లీ చిగురిస్తే ఆ చిగురూ తుంచేయండి.