1930ల సర్వీసు పిస్టళ్లలో మీకు నచ్చినదాన్ని ఎంచుకోవడం ఎలా

విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాల్లో సైనిక చరిత్ర పుస్తకాలు వెతికే మా మిత్రబృందంలో ఒక ప్రశ్న తరచూ వస్తుంది: గడిచిన ఒక దశాబ్దాన్ని తీసుకుని, అందులో సైన్యాలు వాడిన పిస్టళ్లలో ఒక్కదాన్నే మెచ్చుకోవాలంటే దేన్ని మెచ్చుకోవాలి? ఇది కాగితం మీద, చదువు ఆధారంగా చేసే ఎంపిక. మన దేశంలో 9 మి.మీ. పిస్టల్ సామాన్య పౌరులకు నిషిద్ధమైన బోరు (గొట్టం లోపలి కొలత) కనుక, కొనడం అన్న మాట ఇక్కడ రాదు. అయితే చేతిలోకి తీసుకుని చూసే వీలు లేనప్పుడే ఎంపికకు మరింత క్రమం కావాలి. ఉదాహరణకు 1930లను తీసుకుంటాను. నా దృష్టిలో పిస్టళ్ల చరిత్రలో అంతకన్నా సారవంతమైన దశాబ్దం లేదు.

ముందుగా గీత ఎక్కడ గీయాలో తేల్చుకోవాలి. ఆ పదేళ్లలో వాడుకలో ఉన్న ప్రతి పిస్టల్‌నూ లెక్కలోకి తీసుకుంటే 1911 నాటి కోల్ట్, 1908 నాటి లూగర్ కూడా వచ్చి కూర్చుంటాయి. అప్పుడు పోలికకు అర్థం ఉండదు. అందుచేత సైన్యం అధికారికంగా స్వీకరించిన సంవత్సరాన్నే కొలతగా పెట్టుకోవడం మంచిది. అలా చూస్తే సోవియట్ టోకరేవ్ టీటీ-33, పోలండ్ విస్ 35, బెల్జియం బ్రౌనింగ్ హై-పవర్, జర్మనీ వాల్టర్ పీ-38 బరిలో నిలుస్తాయి. ఫిన్లండ్ వారి లాహ్తి ఎల్-35, జపాన్ నంబు టైప్ 94 కూడా ఈ దశాబ్దానివే.

తరువాత వేసుకోవలసిన ప్రశ్న, ఈ పిస్టల్ ఎంత బాగా పేలుతుందన్నది కాదు, పేలనవసరం లేనంత సేపూ అది ఎలా ఉంటుందన్నది. గుంటూరులో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మా మేనమామ తన ఉద్యోగకాలమంతటిలో విధి నిర్వహణలో రివాల్వర్‌ను ఒక్కసారి కూడా పేల్చలేదు. "ఒరేయ్, పొద్దున్నుంచి రాత్రి దాకా నడుముకు ఉండి కూడా ఎవరికీ హాని చెయ్యకపోవడమే దాని మొదటి డ్యూటీ రా" అని ఆయన అనేవారు. సర్వీసు పిస్టల్‌ను ఈ మాటతోనే కొలవాలని నేను నమ్ముతాను.

ఈ కొలతకు నిలబడనిది మొదటే తేలిపోతుంది. టైప్ 94లో ట్రిగ్గర్‌కూ పేల్చే యంత్రాంగానికీ మధ్యనుండే కడ్డీ పిస్టల్ ఎడమవైపు బయటికి కనిపిస్తూ ఉంటుంది. తూటా ఎక్కించి, సేఫ్టీ (అనుకోకుండా పేలకుండా ఆపే మీట) వేయకుండా ఉన్నప్పుడు ఆ కడ్డీ మీద ఒత్తిడి పడితే, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలవచ్చు. టోకరేవ్‌కు విడిగా సేఫ్టీ మీటే లేదు, హ్యామర్‌ను, అంటే దెబ్బతో తూటాను పేల్చే చిన్న సుత్తి లాంటి భాగాన్ని, సగం వరకు లేపి ఆపడమే దాని రక్షణ. అయినా దాని హ్యామర్ యంత్రాంగం మొత్తం ఒకే ముక్కగా బయటికి వస్తుంది కనుక, బురదలో పనిచేసే సైనికుడికి శుభ్రం చేసుకోవడం తేలిక. ఈ ఒక్క గుణానికి నేను దాన్ని గౌరవిస్తాను. విస్‌లో స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ కదిలే భాగం) మీదున్న మీటను నొక్కితే హ్యామర్ తూటాను పేల్చకుండా కిందికి దిగుతుంది. పీ-38 ఇంకో అడుగు ముందుకు వేసింది: హ్యామర్ దించి ఉన్నా ట్రిగ్గర్‌ను గట్టిగా లాగితే మొదటి తూటా పేలుతుంది, పైగా ఛాంబర్‌లో, అంటే పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే గదిలో, తూటా ఉందో లేదో హ్యామర్ పైన పొడుచుకు వచ్చే చిన్న పిన్నును చీకట్లో వేలితో తడిమి కూడా తెలుసుకోవచ్చు. రక్షణ ఒక్కటే చూసేవారు పీ-38ను ఎంచుకుంటే నేను కాదనను.

బరువును అంకెల్లో చదివి ఊరుకోవద్దు. హై-పవర్ దాదాపు కిలో ఉంటుంది. కిలో కందిపప్పు పొట్లాన్ని గుడ్డసంచిలో వేసి, బెల్టుకు కుడివైపు కట్టుకుని, ప్రకాశం బ్యారేజీ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఎండపొద్దున ఒకసారి నడిచి చూడండి. సీతానగరం వైపు చేరేసరికి బెల్టు ఒక పక్కకు జారి, తుంటి ఎముక దగ్గర ఒరుసుకోవడం మొదలవుతుంది. అంతకన్నా బరువైన లాహ్తిని మోసిన సైనికుడి అవస్థ అప్పుడు అర్థమవుతుంది.

ఆ బరువుకు ప్రతిఫలం ఏమిటో తెలుసుకోవడానికి సుద్దముక్కలు చాలు. మందం సుమారు సెంటీమీటరు ఉండే 13 సుద్దముక్కలను బల్లమీద అడ్డంగా ఒకదానిపై ఒకటి పేర్చితే ఎత్తు 13 సెంటీమీటర్లు అవుతుంది. అదే రెండు వరుసలుగా, ఒక వరుస ముక్కలు రెండో వరుస సందుల్లో కూర్చునేలా పేర్చితే ఏడెనిమిది సెంటీమీటర్లలో సరిపోతాయి. పిడి లోపల తూటాలు పేర్చి ఉంచే డబ్బా అయిన హై-పవర్ మ్యాగజైన్ రహస్యం ఇదే. దాని సమకాలికులైన టోకరేవ్, విస్, పీ-38 మ్యాగజైన్లలో 8 తూటాలే పడితే దీనిలో 13 పట్టాయి, అయినా పిడి చేతికి ఇమిడేంత సన్నగానే ఉంది. జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టి 1926లో కన్నుమూయగా, డ్యూడొనే సైవ్ పూర్తిచేసిన పిస్టల్ ఇది; 1935లో బెల్జియం సైన్యం దీన్ని స్వీకరించింది.

నచ్చినదాని లోపాలను కూడా రాసుకోవాలి, లేకపోతే అది ఎంపిక కాదు, అభిమానం మాత్రమే. మ్యాగజైన్ తీసేస్తే పేలకుండా హై-పవర్‌లో ఒక ఏర్పాటు ఉంది. రక్షణకు అది మేలే కానీ, దానివల్ల ట్రిగ్గర్ బరువుగా, గరుకుగా లాగుతుంది. పాత నమూనాల్లో హ్యామర్ వెనక్కి వచ్చినప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని నొక్కడం కూడా ఉంది.

చివరగా ఆ పిస్టల్ ఆ తరువాత ఎక్కడెక్కడ తిరిగిందో చూడండి. 1940లో బెల్జియం జర్మనీ చేతికి చిక్కాక, అక్కడి ఎఫ్.ఎన్. కర్మాగారంలో హై-పవర్ జర్మన్ సేనల కోసం తయారైంది; 1944 నుంచి కెనడాలోని ఇంగ్లిస్ కంపెనీ అదే పిస్టల్‌ను మిత్రపక్షాల కోసం తయారుచేసింది. ఒకే యుద్ధంలో రెండు పక్షాలూ తయారు చేసుకున్న ఆయుధమిది. ఆ ఇంగ్లిస్ నమూనా ఆధారంగానే ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసిన "పిస్టల్ ఆటో 9 ఎం.ఎం. 1ఎ" మన సైన్యానికి సర్వీసు పిస్టల్ అయింది. నా నోటుపుస్తకంలో 1930ల పేజీలో హై-పవర్ పేరు రాసి, దాని కింద ట్రిగ్గర్ లోపాన్నీ, ఆ పక్కనే రెండో స్థానంలో పీ-38నూ రాసుకున్నాను. మీరు టోకరేవ్ రాసుకున్నా తప్పులేదు, సేఫ్టీ లేని లోటును దేనితో సరిపెట్టారో పక్కన ఒక వాక్యం ఉంటే చాలు.