అరుదైన మేఘాలు – పాఠం 4: కదలని మేఘాన్ని గుర్తుపట్టడం

ఈసారి అడుగున బుడిపెలు వేలాడే మామటస్ మేఘాలతో మొదలుపెట్టాల్సింది. మూడో పాఠం తర్వాత మీరు పంపిన ఫోటోలు చూశాక లెంటిక్యులర్ మేఘాన్నే, అంటే కొండగాలిలో కదలకుండా నిలిచే, కటకం ఆకారపు మేఘాన్నే మళ్ళీ చేతిలోకి తీసుకుంటున్నాను. ఎందుకంటే వాటిలో చాలావరకు లెంటిక్యులర్లు కావు. కొన్ని అంచులు నునుపుగా కనబడే మామూలు స్ట్రాటోక్యుములస్ (తక్కువ ఎత్తున ముద్దలుగా పరుచుకునే మేఘం) ముక్కలు, కొన్ని విమానం వదిలిన చార వెడల్పై మిగిలినవి. అందరూ ఆకారం దగ్గరే ఆగిపోయారు.

ఆకారాన్ని నమ్మకండి. బలమైన గాలి కొండను దాటేటప్పుడు పైకి లేచి, అవతల దిగి, మళ్ళీ లేస్తుంది. లేచినచోట చల్లబడి, అందులోని ఆవిరి నీటి బిందువులవుతుంది. దిగినచోట వెచ్చబడి ఆ బిందువులు ఆవిరైపోతాయి. అంటే మేఘం గాలి వచ్చే వైపు పుడుతూ, పోయే వైపు కరిగిపోతూ ఉంటుంది. గాలి దూసుకుపోతున్నా మేఘం మాత్రం ఉన్నచోటే ఉంటుంది, వాగులో రాయి వెనక నిలిచిన నీటి మడత లాగా.

కాబట్టి ఒక స్తంభం అంచుకు మేఘం అంచు ఆనేలా చూసుకుని, మీరు కదలకుండా పది నిమిషాలు నిలబడండి. మిగతా మేఘాలు సాగిపోతున్నా ఇది నిలిచి ఉంటే లెంటిక్యులర్ అనుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: దిగంతానికి దగ్గరగా ఉన్న మేఘాలన్నీ దూరం వల్ల కదలనట్టే కనిపిస్తాయి. అక్కడైతే అరగంట చూడాలి.

ఇక నాకు బాగా చిరాకు తెప్పించేది జూమ్. మేఘం తప్ప ఇంకేమీ లేకుండా ఫ్రేమ్ నింపేస్తారు. అలాంటి ఫోటోలో మేఘం ఎంత పెద్దదో తెలియదు, ఎంత ఎత్తున ఉందో తెలియదు, కదిలిందో లేదో అసలే తెలియదు. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టినా పోల్చడానికి ఆధారం ఉండదు. అడుగున సన్నగానైనా నేల, ఒక ఇంటి కప్పు, ఒక కొండగీత ఉండాలి. అందంగా లేదని కత్తిరించకండి. దగ్గరి ఫోటో కావాలంటే రెండోది తీసుకోండి, మొదటిది మాత్రం నేలతోనే.

ఫోకస్ గురించి చెప్పను, అది మీకు వచ్చు. వెలుగు విషయం మాత్రం: నల్లటి నేల ఫ్రేములో ఉంటే ఫోన్ దాన్ని చూపించబోయి మేఘాన్ని తెల్లగా మాడ్చేస్తుంది. మేఘంలో బాగా మెరిసే చోట వేలు నొక్కి పట్టి లాక్ చేసి, వెలుగు కాస్త తగ్గించండి. చీకటైన నేలను తర్వాత కొంత పైకి తేవచ్చు, మాడిన తెలుపులో మాత్రం వివరమేమీ మిగలదు. వైడ్ లెన్సుకు పోలరైజర్ (ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టర్) నేను పెట్టను. ఆకాశం ఒక పక్కే ముదురుతుంది.

సూర్యుడి దగ్గరున్న లెంటిక్యులర్ అంచుల్లో ముత్యపు చిప్ప రంగులు కనబడితే సూర్యుణ్ణి గోడ చాటుకు పెట్టి తీయండి. ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి, అంటే కెమెరాలో కన్ను ఆనించి అద్దాల గుండా నేరుగా చూసే కిటికీలోంచి, సూర్యుణ్ణి చూడొద్దు.

మామటస్ గురించి ఈసారికి ఇంతే: ఉరుముల మేఘం పైభాగం దాగలిలా పరుచుకున్నాక, దాని అడుగున వేలాడే బుడిపెలవి. పొద్దు వాలి వెలుగు పక్కనుంచి తగిలినప్పుడు గుండ్రదనం బాగా తెలుస్తుంది. ఒక్కో బుడిపె కొద్ది నిమిషాలే ఉంటుంది, సెట్టింగులు వెతుక్కుంటూ కూర్చోకండి.

అభ్యాసం: ఫోన్‌ను కదలకుండా ఆనించి, నిమిషానికొకటి చొప్పున 30 ఫోటోలు తీయండి. ఏ మేఘమైనా సరే. సమయం, చూస్తున్న దిక్కు రాసిపెట్టండి. మేఘం ఏ అంచున పుడుతోందో, ఏ అంచున కరుగుతోందో 1, 15, 30 ఫోటోల మీద గీత గీసి పంపండి. రంగులు దిద్దినవి చూడను.