చార్టర్ స్కూల్లో సీటొచ్చిందా? చేర్చే ముందు ఈ లెక్కలు చూడండి

డాలస్ దగ్గర ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు ఉండే మన తల్లిదండ్రులకు చార్టర్ స్కూలు లాటరీ అంటే ఒక టెన్షన్, సీటొచ్చాక చేర్చాలా వద్దా అన్నది ఇంకో టెన్షన్. చార్టర్ స్కూలంటే ప్రభుత్వ సొమ్ముతో విడిగా ఒక సంస్థ నడిపే బడి, కాబట్టి ఫీజు ఉండదు. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. చాలామంది స్కూలుకు రాష్ట్రం ఇచ్చే ఏ, బీ రేటింగు చూసి నిర్ణయించేస్తారు. నేనైతే ముందు పిల్లల సంఖ్య చూడమంటాను.

ముందుగా టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో 'టెక్సస్ అకడమిక్ పెర్ఫార్మెన్స్ రిపోర్ట్స్' తెరిచి, ఆ స్కూలు పేరు మీద ఆరేడేళ్ల రిపోర్టులు దించుకోండి. ఏ గ్రేడులో ఎంతమంది ఉన్నారో అందులో ఉంటుంది. వేరే రాష్ట్రంలో ఉంటే నేషనల్ సెంటర్ ఫర్ ఎడ్యుకేషన్ స్టాటిస్టిక్స్ సైట్‌లో స్కూలు పేరు వెతకండి. అక్కడి అంకెలు ఒకటి రెండేళ్లు పాతవి కావచ్చు.

ఇప్పుడు అసలు పని. ఒకే ఏడాది అంకెలు చూస్తే ఏమీ తెలియదు. 2018-19లో ఆరో గ్రేడు, 2019-20లో ఏడు, అలా 2024-25లో పన్నెండో గ్రేడు దాకా ఒకే బ్యాచ్‌ను వెంబడించండి. మాటవరసకి ఆరులో 120 మంది ఉండి, పన్నెండుకు వచ్చేసరికి 60 మందే మిగిలారనుకోండి. కాలేజీ అడ్మిషన్లు బ్రహ్మాండమని స్కూలు చెప్పుకునేది ఆ 60 మంది గురించే. మిగతావాళ్లు ఎందుకు వెళ్లారో ఆ కాగితం చెప్పదు. ఉద్యోగాల వల్ల ఊరు మారినవాళ్లు ఉంటారు, చదువు బరువు తట్టుకోలేక మానేసినవాళ్లూ ఉంటారు. అందుకే పక్కనున్న మామూలు పబ్లిక్ (ప్రభుత్వ) స్కూలు బ్యాచ్‌కీ ఇదే లెక్క వేయండి. అక్కడ పెద్దగా తగ్గకుండా ఇక్కడే సగమైతే ఆలోచించాల్సిందే. కొత్త స్కూలైతే ఏడాదికో గ్రేడు కలుపుతూ పోతుంది కాబట్టి, పై తరగతులు ఖాళీగా ఉన్నంత మాత్రాన తప్పుపట్టకండి.

తర్వాత పేద కుటుంబాల పిల్లలు, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్నవాళ్లు, స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరమైనవాళ్లు ఎంత శాతమో చూడండి. ఇక్కడొక మెలిక ఉంది. రిపోర్టులో పక్కనే 'డిస్ట్రిక్ట్' అనే కాలమ్ కనిపిస్తుంది. డిస్ట్రిక్ట్ అంటే ఇక్కడ జిల్లా కాదు, ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్లను నడిపే స్థానిక సంస్థ. టెక్సస్‌లో చార్టర్ సంస్థల్లో చాలావాటిని విడి డిస్ట్రిక్టులుగానే లెక్కేస్తారు కాబట్టి, ఆ కాలమ్‌లో ఉండేవి ఆ సంస్థ సొంత అంకెలే. దానితో పోల్చుకుంటే ఉపయోగం లేదు. మీ ఇంటికి వర్తించే స్కూల్ డిస్ట్రిక్ట్ రిపోర్టు విడిగా తెరవాలి. అక్కడ పేద పిల్లలు చాలామంది ఉండి ఇక్కడ కొద్దిమందే ఉంటే, రెండు స్కూళ్ల మార్కులను నేరుగా పోల్చలేం. పేద పిల్లల మార్కులను పేద పిల్లల మార్కులతోనే పోల్చి చూడండి.

'ఏషియన్' శాతం చూసి మురిసిపోయేవాళ్లూ మనలో ఉన్నారు. ఆ గడిలో చైనా, వియత్నాం, భారత్ అందరూ కలిసే ఉంటారు. బోధన ఎలా ఉందో అది చెప్పదు.

పిల్లలు బాగా తక్కువగా ఉన్నచోట గోప్యత కోసం అంకె బదులు నక్షత్రం గుర్తు (*) పెడతారు, దాన్ని సున్నా అనుకోవద్దు. 20 మంది క్లాసులో ఒక్కరు మారితే 5 శాతం తేడా వస్తుంది, కాబట్టి చిన్న క్లాసుల శాతాలను ఒక్క ఏడాదితో నమ్మకండి.

ఈ కాగితాలు పట్టుకుని స్కూలు టూర్‌కి వెళ్లి రెండే ప్రశ్నలు అడగండి: మధ్యలో ఖాళీ అయిన సీట్లను ఏ గ్రేడు దాకా నింపుతారు? కిందటేడు వెళ్లిపోయిన పిల్లల్లో ఎక్కువమంది ఏ స్కూళ్లలో చేరారు?