ఎక్స్‌రేలో పాత క్షయ మచ్చ, బ్రిటన్‌లో టీచరు ఉద్యోగం: నా అనుభవం

లెక్కల టీచరుగా బ్రిటన్‌లో ఉద్యోగం ఖాయమైంది. భారత్ నుంచి ఆరు నెలలు మించిన వీసాకు వెళ్లేవారికి క్షయ పరీక్ష తప్పనిసరి. నాకు 2013లో క్షయ వచ్చి, ఆరు నెలల మందులతో నయమైంది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ మాత్రం మిగిలింది.

దాచిపెట్టమన్న ఏజెంటు సలహా, మళ్లీ మళ్లీ తీయించిన ఎక్స్‌రేలు, మచ్చ పోతుందన్న టానిక్కు: అన్నీ దండగ.

చివరికి అమ్మ ట్రంకుపెట్టె అడుగున పాత చికిత్స కార్డు దొరికింది. మడతల దగ్గర చిరిగినా తేదీలు చదవగలిగేలా ఉన్నాయి. దాన్ని ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించి, మందుల పేర్లు, మొదలుపెట్టిన రోజు, ముగించిన రోజు ఉత్తరంలో రాయించాను. పాత ఫిల్మునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూసి, మచ్చ మారలేదని ఆయనే ఒక వాక్యం చేర్చారు. అసలు విలువ ఆ వాక్యానిదే అనుకుంటాను. ఇవన్నీ వీసా పరీక్షా కేంద్రంలో ఎక్స్‌రేకు ముందే ఇచ్చాను.

అయినా మూడు రోజులు కఫం ఇవ్వక తప్పలేదు. ఆ కఫంలో క్షయ క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్ష ఫలితానికి ఎనిమిది వారాలు పట్టవచ్చన్నారు. ఆ రోజే బడికి రాసి, చేరే తేదీ జరిపించుకున్నాను.

ఇంటర్వ్యూలో బడివాళ్లు ఆరోగ్యం మాట ఎత్తలేదు. అక్కడ 2010 సమానత్వ చట్టం ప్రకారం, ఉద్యోగం ఇవ్వజూపకముందు సాధారణంగా అడగకూడదు. తర్వాత వచ్చిన ఆరోగ్య పత్రంలో మాత్రం ఉన్నదున్నట్టు రాశాను.

ఇది నా ఒక్కడి సంగతి. గల్ఫ్ దేశాల నియమాలు వేరు. అక్కడికి వెళ్లేవారు నన్ను నమ్ముకోవద్దు.