తాగే ముందు మూత వాసన చూడండి

చైనాలోని ఫూజియాన్ రాష్ట్రం, ఆన్‌షీ కొండల్లో పండే టీగ్వాన్‌యిన్ ఊలాంగ్ టీ (గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్యరకం) ఎప్పుడైనా చేతికొస్తే పాలు, చక్కెర దగ్గరికి రానివ్వకండి. 100 మిల్లీలీటర్లు పట్టే మూత కప్పుకు 6 గ్రాముల ఆకు చాలు. కప్పును వేడినీళ్లతో కడిగి, ఆ వేడి ఆరకముందే పొడి ఆకు వేసి, మూతపెట్టి ఒకసారి కుదపండి. మరిగిన నీళ్లు పోసి 20 సెకన్లకే ఆ టీని తాగే కప్పులోకి వంచేయండి. వెంటనే తాగకండి! ముందు మూత కప్పు మూత తిప్పి, తడిసిన లోపలివైపు ముక్కు దగ్గర పెట్టుకోండి. ఆర్కిడ్ పూల పరిమళమంతా అక్కడే ఉంటుంది. ఆ తర్వాత చిన్న గుక్క, గాలితో కలిపి జుర్రుకోండి. తాగేసిన ఖాళీ కప్పునూ వాసన చూడకుండా వదలకండి; అది చల్లారేకొద్దీ తీపి వాసన పైకి వస్తుంది. నాకైతే అదే అన్నిటికన్నా ఇష్టం. ఉండలా చుట్టుకున్న ఆకు మూడోసారి నీళ్లు పోసేసరికి బాగా విప్పారుతుంది, రుచి అప్పుడే నిండుగా దిగుతుంది. కాబట్టి మొదటిసారికే ఆకు పారబోయకండి.