పాత కారు కరెంటు పాఠాలు – 4: ఎర్ర లైటు ఎందుకు వెలుగుతోంది?

మూడో పాఠంలో వైర్ల రంగులు నేర్చుకున్నాం. బ్రౌన్ వైరులో తాళం తిప్పకపోయినా బ్యాటరీ కరెంటు ఉంటుంది. తెల్ల వైరుకు తాళం తిప్పాకే వస్తుంది. అదే కరెంటు ఫ్యూజు దాటితే ఆకుపచ్చ. నలుపు ఎర్త్, అంటే బండి బాడీ మీదుగా బ్యాటరీకి తిరుగుదారి. ఈ నాలుగూ ఇంకా నోటికి రాకపోతే ఒకసారి వెనక్కి వెళ్లి చూసి రండి, తొందరేం లేదు. ఇవాళ ఐదో రంగు వస్తోంది: బ్రౌన్ మీద సన్నటి పసుపు చార. డ్యాష్‌బోర్డులోని చిన్న ఎర్ర ఛార్జింగ్ హెచ్చరిక బల్బు నుంచి బయల్దేరి, ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ దాకా పోయే ఒంటరి వైరు అది. ఇవాళ్టి పాఠమంతా ఆ వైరు గురించే.

మన పాఠాలకు ఆధారం నా దగ్గరున్న 1972 ఎంజీబీ అనే ఇంగ్లిష్ కారు. అందులో లూకాస్ కంపెనీ ఏసీఆర్ రకం ఆల్టర్నేటర్ ఉంటుంది, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ దాని లోపలే. మీ బండి ట్రయంఫ్ అయినా, ఆ కాలపు మరో ఇంగ్లిష్ కారైనా రంగులూ పద్ధతీ దాదాపు ఇవే. 1967కి ముందు ఎంజీబీల్లో ఆల్టర్నేటర్ ఉండదు, అదే పని చేసే పాతకాలపు డైనమో ఉంటుంది. వాటి సంగతి చివర్లో చెబుతాను.

నిరుడు వానాకాలంలో ఒక రాత్రి హైదరాబాద్ మెహదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాను. వాన జోరుగా ఉంది. హెడ్‌లైట్లు, వైపర్లు, అద్దం మీద ఆవిరి పట్టకుండా హీటర్ ఫ్యాను, అన్నీ నడుస్తున్నాయి. ఉన్నట్టుండి మీటర్ల మధ్య ఏదో ఎర్రగా కనిపించింది. పూర్తిగా వెలగలేదు, నివురు కప్పిన నిప్పులా ఉంది. ఆరాంఘర్ దాకా పదకొండు కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవర్. పక్కకు ఆపుదామంటే చోటు లేదు. ఆ పావుగంటా కళ్లు రోడ్డు మీద కంటే ఆ లైటు మీదే ఎక్కువ ఉన్నాయి. బండి మాత్రం ఎక్కడా తడబడలేదు.

మర్నాడు ఒక వర్క్‌షాపులో చూపించాను. తాళం తిప్పారు, లైటు వెలిగింది. స్టార్ట్ చేశారు, ఆరింది. "డైనమో వీకైంది సార్, మార్చేద్దాం" అన్నారు. మన దగ్గర ఆల్టర్నేటర్‌ను ఇప్పటికీ డైనమో అనే అంటారు. మీటరు పెట్టి ఒక్క రీడింగైనా చూడలేదు, నేనూ అడగలేదు. రీకండిషన్ చేసిన ఇంకోటి బిగించారు. పాతది నాకివ్వమని తెచ్చుకున్నాను, ఆ ఒక్క పనీ మంచిదైంది. మూడు వారాల తర్వాత మళ్లీ వాన, మళ్లీ రాత్రి, మళ్లీ అదే నిప్పు.

అప్పుడు గుర్తొచ్చాడు ఉస్తాద్. నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నాంపల్లిలో ఆయన షెడ్డు ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ని. ఏ లైటు గురించి అడిగినా ఆయన మాట ఒక్కటే: "బేటా, బల్బును చూడకు. బల్బుకు రెండు కొసలుంటాయి, ఆ రెంటినీ చూడు." ఈ పాఠానికి అసలు తాళంచెవి ఆ మాటే.

లైటు అనగానే మనకు ఇంట్లో బల్బు గుర్తొస్తుంది: ఒక కొసకు కరెంటు, రెండో కొస ఎప్పుడూ ఒకేలా. ఈ ఎర్ర బల్బు అలా కాదు. దీని ఒక కొస తెల్ల వైరుకు, అంటే తాళం ద్వారా వచ్చే బ్యాటరీ కరెంటుకు కలిసి ఉంటుంది. రెండో కొస బ్రౌన్-పసుపు వైరు మీదుగా ఆల్టర్నేటర్‌కు కలుస్తుంది. మోండా మార్కెట్లో కూరగాయలు తూచే తరాజును ఊహించుకోండి. ఒక పళ్లెంలో బ్యాటరీ వైపు వోల్టేజీ, ఇంకో పళ్లెంలో ఆల్టర్నేటర్ వైపు వోల్టేజీ. పళ్లేలు సమంగా ఉంటే బల్బులోంచి కరెంటు పారదు, లైటు ఆరిపోతుంది. ఏ వైపు వోల్టేజీ తగ్గినా లైటు వెలుగుతుంది. మళ్లీ చదవండి: ఏ వైపు తగ్గినా. ఆల్టర్నేటర్ వైపే తగ్గాలన్న రూలు లేదు. వర్క్‌షాపులో పొరపడింది సరిగ్గా ఇక్కడే, నేను పొరపడిందీ ఇక్కడే.

తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయని క్షణం చూద్దాం. తెల్ల వైపు పన్నెండు వోల్టుల చిల్లర ఉంది. ఆల్టర్నేటర్ ఇంకా తిరగడం లేదు. కరెంటు బల్బులోంచి దిగి, కార్బన్ బ్రష్‌ల మీదుగా ఆల్టర్నేటర్ లోపల తిరిగే భాగమైన రోటర్ చుట్టలోకి వెళ్లి, రెగ్యులేటర్ గుండా ఎర్త్‌కు చేరుతుంది. లైటు నిండుగా వెలుగుతుంది. ఆ కొద్దిపాటి కరెంటే రోటర్‌ను అయస్కాంతంగా మారుస్తుంది. ఇంజన్ తిరగగానే ఆల్టర్నేటర్ కరెంటు పుట్టించడానికి ఆ మొదటి అయస్కాంతమే విత్తనం. కాబట్టి ఆ 2.2 వాట్ల బల్బు మనకు కబురు చెప్పడంతో పాటు ఆల్టర్నేటర్‌ను నిద్ర లేపుతుంది కూడా. బల్బు మాడిపోతే ఇంజన్ స్టార్టయినా చాలాసేపు ఛార్జింగ్ మొదలవకపోవచ్చు. అందుకే దాని బదులు ఎల్ఈడీ పెట్టకండి. ఎల్ఈడీ తీసుకునే కరెంటు రోటర్‌కు చాలదు.

ఇంజన్ తిరిగాక ఆల్టర్నేటర్ లోపలి కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే మూడు చిన్న డయోడ్లు బ్రౌన్-పసుపు వైరుకు కూడా పధ్నాలుగు వోల్టుల దాకా అందిస్తాయి. బ్యాటరీ వైపూ పధ్నాలుగు. పళ్లేలు సమం, లైటు ఆఫ్.

ఇక చేతిపని. ఉంగరం, కడియం, స్టీలు గొలుసు వాచీ తీసేయండి. ఆల్టర్నేటర్‌కు వచ్చే లావు బ్రౌన్ వైర్లకు ఫ్యూజు ఉండదు. స్పానర్ జారి బాడీకి తగిలితే వెల్డింగ్ రవ్వలే. పొడుగు చేతుల చొక్కా మడవండి, చున్నీ అయితే తీసి పక్కన పెట్టండి, ఫ్యాను అక్కడే తిరుగుతుంటుంది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ మాత్రం ఎప్పుడూ విప్పకండి. "బ్యాటరీ తీసినా బండి ఆగకపోతే డైనమో మంచిదే" అనే పరీక్ష మన షెడ్లలో ఇంకా చేస్తుంటారు. ఆల్టర్నేటర్ డయోడ్లు చచ్చిపోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

ముందు బెల్టు. పొడుగ్గా ఉన్న వైపు నడిమధ్యన బొటనవేలితో నొక్కండి, 13 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం దిగాలి. అంతకు మించి దిగితే బిగించండి. బెల్టు లోపలి అంచులు అద్దంలా మెరుస్తుంటే అది జారుతున్నట్టే. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

తర్వాత బ్యాటరీ. ఎంజీబీలో అది బానెట్ కింద ఉండదు, సీట్ల వెనక కార్పెట్ ఎత్తితే మూత కింద ఉంటుంది. ఆ కాలంలో రెండు ఆరు వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి పెట్టేవారు, ఇప్పుడు చాలామంది ఒకే పన్నెండు వోల్టులది పెట్టుకుంటున్నారు. రాత్రంతా కదలని బండిలో 12.6 వోల్టులు ఉండాలి. స్టార్ట్ చేసి ఇంజన్‌ను 1500 ఆర్‌పీఎం దగ్గర నిలిపితే 13.8కీ 14.4కీ మధ్య చూపాలి. లైటు నిండుగా వెలుగుతూ, మీటరు 12.5 దాటకపోతే ఛార్జింగ్ నిజంగానే లేదు. అప్పుడు అనుమానం ఆల్టర్నేటర్ మీదికి పోవడం న్యాయం.

తాళం తిప్పినా లైటు అసలు వెలగకపోతే ఇంజన్ ఆపి, బ్యాటరీ ఎర్త్ విప్పి, ఆల్టర్నేటర్ వెనక ప్లగ్గు లాగండి. బ్యాటరీ మళ్లీ కలిపి, తాళం తిప్పి, ప్లగ్గులోని సన్న బ్రౌన్-పసుపు కొసను ఒక వైరు ముక్కతో బాడీకి తాకించండి. లావు బ్రౌన్ కొసలకు మాత్రం ఏమీ తగలనివ్వకండి. లైటు వెలిగిందా? బల్బూ వైరూ బాగున్నాయి, ఆల్టర్నేటర్‌లో బ్రష్‌లు అరిగాయో రోటర్ తెగిందో చూడాలి. వెలగలేదా? బల్బు, హోల్డర్, వైరు.

ఇప్పుడు నా కేసు, నివురు కప్పిన నిప్పు. ఇదే అసలు కష్టమైనది, అందుకే దీనికి ఎక్కువ సమయం ఇద్దాం. మొదట అడగాల్సిన ప్రశ్న: వాన రాత్రుల్లోనే ఎందుకు? పగలు అంత సన్న వెలుగు కంటికి ఆనదు, అది ఒక కారణం. రెండోది లోడు. వైపర్లు, హీటర్ ఫ్యాను ఆకుపచ్చ వైర్ల మీద నడుస్తాయి, వాటి కరెంటంతా తాళంలోంచి, తెల్ల వైరులోంచి రావాలి. హెడ్‌లైట్లకు తాళంతో పని లేదు, కానీ డ్యాష్‌బోర్డుకు వచ్చే బ్రౌన్ వైరు మీద వాటి బరువూ పడుతుంది. ఈ దారిలో ఎక్కడైనా లూజ్ కాంటాక్ట్ ఉంటే, లోడు పెరిగే కొద్దీ అక్కడ వోల్టేజీ కారిపోతుంది. సన్న పైపులో నల్లాలన్నీ ఒకేసారి తిప్పితే మూడో అంతస్తులో నీళ్లు సన్నబడతాయి కదా, అలాగే.

పోర్టికోలో బండి పెట్టి ఆ రాత్రి పరిస్థితినే మళ్లీ తెచ్చాను. ఇంజన్ 1500 దగ్గర, హెడ్‌లైట్లు, వైపర్లు, ఫ్యాను అన్నీ ఆన్. అద్దం మీద నీళ్లు పోస్తూ ఉండమని మా అబ్బాయికి చెప్పాను, పొడి అద్దం మీద వైపర్లు నడపకూడదు. బ్యాటరీ దగ్గర 13.9. ఆల్టర్నేటర్ బ్రౌన్-పసుపు కొస దగ్గర 14.2. ఫ్యూజు బాక్సులో తెల్ల వైరు దగ్గర 12.3. తేడా 1.9 వోల్టులు! తగ్గిన వైపేదో ఇప్పుడు చూడండి. ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తోంది. పడిపోయింది తెల్ల వైపు. కరెంటు బల్బులోంచి వెనక్కి, ఆల్టర్నేటర్ నుంచి తెల్ల వైరులోకి పారుతోంది.

నష్టం ఎక్కడుందో పట్టడానికి మీటరు ఎర్రముల్లు ఆల్టర్నేటర్ లావు బ్రౌన్ దగ్గరే ఉంచి, నల్లముల్లుతో దారి పొడుగునా వెతుక్కుంటూ రావాలి. ఇందుకు రెండు మీటర్ల పొడుగు వైరు ఒకటి చేసుకోండి. అప్పుడు మీటరు నేరుగా నష్టాన్నే చూపిస్తుంది. డ్యాష్‌బోర్డు కింద బ్రౌన్ దగ్గర 0.3, పర్వాలేదు. తాళం వైర్లు అసలు వైరింగుకు కలిసే కనెక్టర్ అవతల 1.9. అంటే 1.6 వోల్టులు ఆ ఒక్క కీలులో పోతున్నాయి. బ్యాటరీ విప్పి కనెక్టర్ లాగాను. తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ బ్రౌన్ వైరు చుట్టూ మాడిన రొట్టె రంగులోకి తిరిగింది. ఇత్తడి క్లిప్పు నోరు తెరుచుకుని, లోపల పచ్చటి చిలుము పట్టి ఉంది. గోరుతో గీకితే పొడిలా రాలింది. యాభై ఏళ్ల చిలుము అది.

క్లిప్పు కొత్తది వేసి, రాగి పోగులు మెరిసేదాకా శుభ్రం చేసి, గట్టిగా నొక్కి బిగించాను. మళ్లీ అవే రీడింగులు తీస్తే మొత్తం తేడా 0.4. లైటు చీకట్లో కూడా నల్లగా ఉంది. తర్వాత ఆదివారం పాత ఆల్టర్నేటర్‌ను తిరిగి దాని చోట బిగించాను. ఇప్పటికీ అదే నడుస్తోంది.

తేడా అర వోల్టు లోపే ఉన్నా లైటు మిణుకుతుంటే అప్పుడు డయోడ్ల మీద అనుమానపడండి. మీటరును ఏసీ వోల్టులకు తిప్పి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద పెట్టండి. అర వోల్టు దాటితే ఏదో డయోడ్ పోయినట్టే. ఇక తాళం తీసేశాక కూడా లైటు వెలుగుతూ ఉంటే ఆగకుండా బ్యాటరీ విప్పేయండి. డయోడ్ షార్టయి బ్యాటరీ కరెంటు వెనక్కి పారుతోంది. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది, వైరింగు కాలే ప్రమాదమూ ఉంది.

డైనమో బండ్లవాళ్లకు ఒక్క మాట. ఐడిలింగ్‌లో లైటు కాస్త మిణకడం డైనమోకు సహజం, కొంచెం రేజ్ చేస్తే ఆరాలి. ఆ ఎంజీబీల్లో బ్యాటరీ ప్లస్సే ఎర్త్ అయి ఉంటుంది, మీటరు ముళ్లు మార్చి పట్టుకోండి. డైనమోను బ్యాటరీతో కలిపి, విడదీసే కటౌట్ స్విచ్చి పరీక్షలకు వేరే పాఠం ఉంది.

ఈ వారం ఇంటిపని: బండి బాగున్నా సరే, ఈ రీడింగులు తీసి తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. బ్యాటరీ దగ్గర ఇంజన్ ఆపి ఒకటి, నడుస్తుండగా ఒకటి, అన్ని లోడ్లూ వేసి తెల్ల వైరు దగ్గర ఒకటి, బ్రౌన్-పసుపు దగ్గర ఒకటి. రేపు లైటు వెలిగిన రోజున పోల్చుకోవడానికి అవే కావాలి. ఐదో పాఠంలో ఆల్టర్నేటర్ వెనక మూత విప్పి కార్బన్ బ్రష్‌లు చూస్తాం. పుత్లీబౌలి వైపు వెళ్లినప్పుడు మీ ఆల్టర్నేటర్ మీదున్న నంబరు చూపించి ఒక జత బ్రష్‌లు తెచ్చి ఉంచుకోండి, మూత స్క్రూలు పడిపోకుండా వేసుకోవడానికి ఒక స్టీలు గిన్నె కూడా.