స్టిర్/షేకెన్ సర్టిఫికెట్ మార్చినంక కొన్ని కాల్సే ఫెయిల్ అవుతున్నాయా? సమస్య - పరిష్కారం

హన్మకొండలోనో మడికొండలోనో కూర్చుని, అమెరికా టెలిఫోన్ ప్రొవైడర్లకు రాత్రి షిఫ్టులో సపోర్ట్ ఇచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను. స్టిర్/షేకెన్ అంటే, కాల్‌లో కనిపించే నంబరు నకిలీది కాదని పంపే ప్రొవైడర్ డిజిటల్ సంతకం చేసి పంపే పద్ధతి; ఆ సంతకాన్ని సరిచూడటానికే సర్టిఫికెట్. సిప్ ట్రేస్ (కాల్ కలిపే సందేశాల రికార్డు) తీయడం, అందులో ఐడెంటిటీ హెడర్ (సంతకం ఉండే వరుస) ఎక్కడుంటుందో మీకు తెలుసు కాబట్టి ఆ పాఠం మళ్లీ చెప్పను.

ముందు ఫెయిలైన కాల్‌నే తెరవండి

టికెట్ రాగానే అందరూ పోర్టల్ తెరుస్తారు. "అన్నా, సర్టిఫికెట్ యాక్టివ్ అనే ఉన్నది, మన దిక్కు అంతా మంచిగనే ఉన్నది" అని ఫోన్ వస్తది. పోర్టల్ చూపించేది మీకు జారీ అయిన సర్టిఫికెట్. ఆ కాల్‌కు ఏ కీతో సంతకం పడిందో, అవతలివాళ్లకు ఏ లింకు వెళ్లిందో అది చెప్పదు.

ఫెయిలైన కాల్‌ను మొదలుపెట్టే ఇన్వైట్ సందేశంలోంచి ఐడెంటిటీ హెడర్ తీసి, మొదటి చుక్క దాకా ఉన్న ముక్కను బేస్64 డీకోడ్ చేయండి. ఎక్స్5యూ అనే లింకు కనిపిస్తుంది. అవతలి క్యారియర్ మీ సంతకాన్ని సరిచూసేది ఆ లింకులో ఉన్న సర్టిఫికెట్‌తోనే. ఆ ఫైల్ దించుకుని, దాని పబ్లిక్ కీని, సంతకం చేసే సైనింగ్ సర్వర్‌లోని ప్రైవేట్ కీ నుంచి తీసిన పబ్లిక్ కీతో పోల్చండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో రెండు నిమిషాల పని. ఇది చేయకుండా సర్వర్లు రీస్టార్ట్ చేయొద్దు, అవతలి క్యారియర్‌కు మెయిల్ పెట్టొద్దు.

అదే ఫైల్‌లో గడువు తేదీ కూడా చూడండి. అది యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. 23:59కి ముగిసే సర్టిఫికెట్ మనకు మరునాడు తెల్లవారి 5:29 దాకా పనిచేస్తుంది. షిఫ్ట్ దిగే వేళ కాబట్టి చాలాసార్లు ఎవరూ చూడరు.

అన్ని కాల్సూ ఫెయిలైతే

ఇది తేలిక రకం. చాలా క్యారియర్లు కాల్‌ను ఆపవు, రీజన్ హెడర్‌లో కోడ్ పెట్టి పంపుతాయి. అది చదవండి.

403 వస్తే గడియారం తప్పింది. ఐడెంటిటీ హెడర్‌లోని ఐఏటీ (సంతకం పడిన) సమయానికీ కాల్ చేరిన సమయానికీ 60 సెకన్లకు మించి తేడా ఉంటే పాతదని తోసేస్తారు. సర్వర్ గడియారాన్ని సరిపెట్టే ఎన్‌టీపీని సరిచేయండి. 436 అంటే లింకు బయటివాళ్లకు తెరుచుకోవడం లేదు. ఆఫీసు వీపీఎన్ తీసేసి మీ మొబైల్ డేటా మీద ప్రయత్నించండి, అప్పుడు బయటపడుతుంది. 437 అయితే మధ్య సర్టిఫికెట్‌ను (మీ సర్టిఫికెట్ జారీ చేసినవాళ్లది) ఫైల్‌లో కలపడం మరిచిపోయి ఉంటారు. అన్నింటికీ 438 (సంతకం సరిపోలేదని) వస్తుంటే, సంతకం పడినంక ఎస్‌బీసీ (నెట్‌వర్క్ అంచున కాల్స్‌ను దాటించే పరికరం) ఫ్రమ్ నంబరునో పీ-అసర్టెడ్ ఐడెంటిటీనో (కాల్ చేసినవారి నంబరు ఉండే హెడర్లు) మార్చేస్తున్నదేమో చూడండి.

ఫోన్‌లో టిక్ మార్క్ రావడం లేదు కానీ ఏ ఎర్రరూ లేదంటే, అటెస్టేషన్ (నంబరు మీద ప్రొవైడర్ ఇచ్చే హామీ స్థాయి) "ఏ" బదులు "బీ" వెళ్తుండవచ్చు. దానికి సర్టిఫికెట్‌తో సంబంధం లేదు.

కొన్ని క్యారియర్ల దగ్గరే ఫెయిలైతే

మనుషులను రాత్రంతా పరేషాన్ చేసేది ఇదే. సర్టిఫికెట్ రెన్యూ చేశారు, కొత్త ఫైల్ పెట్టారు, టెస్ట్ కాల్ పాసయింది. గంటలోపే ఒక పెద్ద క్యారియర్ వైపు వెళ్లే కాల్స్ 438తో ఫెయిల్ కావడం మొదలైంది. చిన్న క్యారియర్లకు వెళ్లేవి మాత్రం నిమ్మళంగా పోతున్నాయి. మీ ల్యాప్‌టాప్‌లో దించితే కొత్త సర్టిఫికెట్టే వస్తుంది, కీ కూడా సరిపోతుంది. ఇక తప్పు వాళ్లదేనని లొల్లి మొదలవుతుంది.

కారణం: కొత్త సర్టిఫికెట్‌ను పాత ఫైల్ పేరు మీదనే ఎక్కించారు. వెరిఫికేషన్ సర్వర్ ప్రతి కాల్‌కూ మీ లింకు తెరవదు. ఒకసారి దించిన సర్టిఫికెట్‌ను ఆ లింకు పేరు మీద క్యాష్‌లో దాచుకుంటుంది. లింకు మారలేదు కాబట్టి దాచుకున్న పాత సర్టిఫికెట్‌నే తీస్తుంది. మీ సంతకమేమో కొత్త కీతో పడింది. బ్యాంకులో సంతకం మార్చుకున్న తర్వాత కూడా కౌంటర్‌లో పాత నమూనా కార్డే ఉంటే చెక్కు తిరిగొచ్చినట్టు, కాల్ ఫెయిలవుతుంది.

పెద్ద క్యారియర్లకు మీ కాల్స్ ఎడతెగకుండా పోతుంటాయి, అందుకే వాళ్ల క్యాష్‌లో మీ పాత ఫైల్ ఎప్పుడూ ఉంటుంది. చిన్న క్యారియర్‌కు మీ కాల్ ఎప్పుడో ఒకటి పోతుంది, అది అప్పటికప్పుడు కొత్త ఫైల్ దించుకుంటుంది. మీ టెస్ట్ కాల్ పాసయిందీ ఇందుకే.

దీన్ని పట్టుకోవడం కష్టం కావడానికి ఇంకో రెండు సంగతులున్నాయి. క్యాష్ గడువు తీరగానే దానంతటదే సర్దుకుంటుంది, అప్పుడు చివరిగా చేసిన రీస్టార్ట్‌కు పేరొస్తుంది. పాత కీతోనే రెన్యూ చేసినప్పుడు సమస్య అసలు కనిపించదు, కాబట్టి "పోయినసారి ఇట్లనే చేసినం, ఏం కాలేదు" అంటారు. ఆ మాట విని ఊరుకోకండి, అప్పుడు కీ మారిందో లేదో అడగండి.

ఇదే కథ తలకిందులుగా కూడా వస్తుంది. చిన్న క్యారియర్లకు ఫెయిలై, పెద్దవాటికి పాసయితే, లింకులో కొత్త ఫైల్ ఉన్నది కానీ సైనింగ్ సర్వర్ పాత కీనే మెమరీలో పట్టుకుని ఉన్నది. పెద్దవాళ్ల దగ్గర పాత క్యాష్ ఉన్నంతసేపు అది కాపాడుతుంది. రెండు సైనింగ్ సర్వర్లలో ఒకటే రీలోడ్ అయినప్పుడు రెండు రకాలూ కలిసి కనిపిస్తాయి. అప్పుడు ఏ సర్వర్ సంతకం చేసిన కాల్ ఏదో లాగ్‌లో విడదీసి చూడాలి.

పరిష్కారం

కొత్త సర్టిఫికెట్‌ను కొత్త ఫైల్ పేరుతో ఎక్కించండి. పేరులో సీరియల్ నంబర్ పెట్టడం నాకు నచ్చిన పద్ధతి. బయటి నెట్‌వర్క్ నుంచి దించి, చెయిన్ (మీ సర్టిఫికెట్, మధ్య సర్టిఫికెట్) మొత్తం వచ్చిందో చూడండి. తర్వాత ఒక్కో సైనింగ్ సర్వర్‌లో కీని, ఎక్స్5యూ లింకును ఒకేసారి మార్చి రీలోడ్ చేయండి. ఒకటి మార్చి, రెండోది తర్వాత చూద్దామనుకుంటే ఆ మధ్యలో పోయిన కాల్స్ అన్నీ పాడవుతాయి. కొత్త లింకు ఎవరి క్యాష్‌లోనూ ఉండదు కాబట్టి మార్చిన నిమిషం నుంచే కాల్స్ పాసవుతాయి. క్యాష్ ఖాళీ చేయమని ఎవరినీ బతిమాలే పని లేదు.

పాత ఫైల్‌ను దాని గడువు తీరేదాకా అక్కడే ఉంచండి. మీ ఫైల్ సర్వర్ ముందు సీడీఎన్ (ఫైళ్ల కాపీలు దాచి ఇచ్చే నెట్‌వర్క్) ఉంటే, అది కూడా పాత ఫైల్ ఇస్తుండవచ్చని మరవొద్దు.

మిగతావి

ఇన్వైట్ అవతలికి అసలే చేరకపోతే, ఐడెంటిటీ హెడర్‌తో ప్యాకెట్ 1500 బైట్లు దాటి యూడీపీలో ముక్కలై పోతున్నదేమో చూసి టీసీపీకి మార్చండి. హెడర్ దారిలో మాయమైతే మధ్యలో పాతకాలపు టీడీఎం ట్రంక్ (సిప్ హెడర్లు మోయని లైన్) ఉన్నట్టు. లింకులో ప్రొవైడర్ బదులు సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్టిఫికెట్ కనిపిస్తే వెంటనే పైకి చెప్పండి. సంతకం చేసే పని బయటివాళ్లకు అప్పగించినా, 2025 సెప్టెంబర్ 18 నుంచి ఎఫ్‌సీసీ (అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ) నియమం ప్రకారం సర్టిఫికెట్ ప్రొవైడర్ సొంతదే ఉండాలి.

సర్టిఫికెట్ రద్దయి సీఆర్‌ఎల్‌లో (రద్దయిన సర్టిఫికెట్ల జాబితాలో) చేరడం చాలా అరుదు. రోబోకాల్ మిటిగేషన్ డేటాబేస్ (రోబోకాల్స్‌ను ఎట్లా అడ్డుకుంటారో ప్రొవైడర్లు నమోదు చేసే ఎఫ్‌సీసీ జాబితా) నుంచి ప్రొవైడర్ పేరు తీసేయడం మాత్రం అంత అరుదేం కాదు. అది జరిగితే మిగతా క్యారియర్లు కాల్స్‌నే తీసుకోవు. కీలు, లింకులు తిప్పుతూ కూర్చోకుండా అక్కడి రెగ్యులేటరీ టీమ్‌కు ఫోన్ చేయండి.